కనబడిందన్నవాళ్ళం

నాకు కోపం ఎక్కువ. ఇది నేను కొత్తగా చెప్పక్కర్లేదు, గాజువాకలో మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు. పొద్దున బ్లౌజు ముక్క తెచ్చి సాయంత్రానికల్లా కుట్టి ఇమ్మనేవాళ్ళ మీద కోపం. పూర్ణా మార్కెట్లో లైనింగు గుడ్డ కొలుస్తూ మాటల్లో పెట్టి స్కేలు జరిపేసే కొట్టువాడి మీద కోపం. అన్నిటికన్నా, లైనులో మధ్యలో దూరేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు తెలియదు. అందుకని ఇందులో నేనెక్కడైనా అరిచానని రాస్తే, ఎక్కువ చేసి చెబుతోందని అనుకోకండి. తగ్గించే రాస్తున్నాను.

యూనివర్సిటీలో టెలిస్కోపు ఉన్న మేడ ఒకటుంది. నెలకో శనివారం చీకటి పడగానే ఊళ్ళోవాళ్ళెవరైనా వెళ్ళి చూడొచ్చు. టికెట్టు లేదు, పేరు రాయించుకోవడం లేదు. బ్లౌజులు చుట్టి ఇవ్వడానికి తెచ్చిన పాత పేపర్లో ఒక మూల ఆ ప్రకటన కనబడి, మొదటిసారి ఒక్కదాన్నే బస్సెక్కి వెళ్ళాను. మేడ మీద గుండ్రటి గది, దాని కప్పులో చీలిక, ఆ చీలికలోంచి బయటకు చూస్తూ టెలిస్కోపు. గదిలోకి ఇనుప మెట్లు. లైను ఆ మెట్ల మీద మొదలై కింద వరండా దాకా ఉంటుంది. కళ్ళు చీకటికి అలవాటు పడాలని లైట్లన్నీ తీసేసి, గది గుమ్మంలో బ్యాటరీతో వెలిగే చిన్న ఎర్ర దీపం ఒక్కటి ఉంచుతారు. టెలిస్కోపు పక్కన అక్కడే చదువుకునే అమ్మాయి నిలబడుతుంది. మనం కన్ను పెట్టాలి. ఆ అమ్మాయి "కనబడిందా అండీ?" అని అడుగుతుంది. "ఆ" అనాలి, పక్కకి జరగాలి. తర్వాతి మనిషి వస్తాడు.

మొదటిసారి నాకు నా కనురెప్పల వెంట్రుకలు తప్ప ఏమీ కనబడలేదు. వెనక యాభై మంది ఉన్నారు. "ఆ" అన్నాను. ఇంటికొచ్చి మా ఆయనకి గురుగ్రహం ఎంత బావుందో చెప్పాను కూడా. ఈ సంగతి ముందే రాసేస్తున్నాను, ఎందుకంటే తర్వాత ఇదే పని చేసినందుకు చాలామందిని తిట్టాను.

మూడోసారికి కన్ను ఎంత దూరంలో పెట్టాలో తెలిసింది. ఆ రోజు చంద్రుణ్ణి చూశాను, గుంటలూ, గుంటల అంచున నీడలూ. అంచులు కత్తిరించినంత స్పష్టంగా ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళుగా గుడ్డల అంచులు చూసే నాకు అది చాలా నచ్చింది. అప్పటినుంచి ఒక్క నెల మానలేదు. ఉత్తరాన రుషికొండ వైపు ఆఫీసుల లైట్లు ఆకాశాన్ని తెల్లగా చేసేస్తున్నాయని అక్కడి మాస్టారు వాపోతుంటే, ఆయనతో పాటు నేనూ కోప్పడ్డం నేర్చుకున్నాను.

మా ఆయన మాత్రం రాడు. ఆయన హార్బర్లో క్రేను నడుపుతాడు. వాళ్ళ నాన్న కోనసీమ నుంచి ఇక్కడి పనికి వచ్చి ఉండిపోయిన మనిషి. ఈయన ఇక్కడే పుట్టాడు, మాటా ఇక్కడిదే. నేను పెళ్ళయి వచ్చి ఇన్నేళ్ళయినా నా గోదారి యాస పోలేదు. ఆయన పనిచేసేది ఒక కాంట్రాక్టు కంపెనీలో, పేరు అనవసరం. మేడంత ఎత్తులో గాజు గదిలో కూర్చుని, ఓడలోంచి కంటైనర్లు లేపి కింద లారీల మీద దించడం ఆయన పని. రమ్మంటే, రోజంతా ఎత్తులోనే ఉంటాను, సెలవు నాడు కూడా మెట్లెక్కాలా అనేవాడు. శనిగ్రహం చూపిస్తారంటే, ఆ గ్రహం మనల్ని చూడకుండా ఉండాలని జనం దండాలు పెడుతుంటే మనమే ఎదురెళ్ళి చూడ్డమేమిటని నవ్వేవాడు.

నాకు ఒళ్ళు మండేది. ఆ ఏడాదంతా ఆయన మీద నా కోపాలు ఇవీ: మంచినీళ్ళు గ్లాసులో పోయమంటే పక్కన పోసేవాడు. కుడిపక్క ఉన్న స్టూలుకి రోజూ మోకాలు తగిలించుకునేవాడు. ఆదివారాలు సరదాగా నా సూదుల్లో దారాలెక్కించి ఇచ్చే మనిషి, అడిగినా చెయ్యడం మానేశాడు. వయసొస్తున్నకొద్దీ మగాడినన్న బింకం ఎక్కువవుతోందనుకున్నాను. "కళ్ళు కనబడ్డం లేదా?" అని రోజుకి నాలుగుసార్లయినా అనేదాన్ని. అందరం అనేమాటే. ఒకసారి ఆయన చొక్కా ఉతకబోతే జేబులో చిన్న కాగితం దొరికింది, ఇంగ్లీషు అక్షరాలు వరసలు వరసలుగా రాసి ఉన్నాయి. కంటైనర్ నంబర్లనుకున్నాను. కంటైనర్ మీద అక్షరాల తర్వాత అంకెలుంటాయని నాకు తెలుసు, ఇందులో అంకెలు లేవనీ చూశాను. అయినా కాగితం కిటికీలో పెట్టి చొక్కా నానబెట్టాను.

తర్వాతి శనివారం శనిగ్రహం చూపిస్తారని తెలిసి, ఏమనుకున్నాడో, తనూ వస్తానన్నాడు. నేను అలమరలోంచి మంచి చీర తీశాను.

ఆ రోజు లైను మామూలు కన్నా పెద్దది. శని కదా, రకరకాల జనం. ఒకాయన కర్చీఫులో నువ్వులు మూటగట్టుకుని వచ్చాడు. ఒకావిడ, చూశాక తలస్నానం చెయ్యాలా, కాళ్ళు కడుక్కుంటే చాలా అని ఆ అమ్మాయినే అడిగింది. మా ముందు జాలరిపేట నుంచి వచ్చిన పెద్దావిడ ఉంది. యూనివర్సిటీ క్వార్టర్ల వీధుల్లో చేపలమ్ముతుందట, ఆ అమ్మాయి పిలిస్తే వచ్చిందట. ఇంతలో కారు దిగిన ఒక కుటుంబం తిన్నగా మెట్ల మీదికి నడిచింది. ఎవరో పెద్దాఫీసరు తాలూకు అన్నారు. నేను మెట్టుకి అడ్డంగా నిలబడి, గ్రహాలకి ఆఫీసర్లు తెలియరు, వెనక్కి వెళ్ళమన్నాను. వెళ్ళారు. మా ఆయన తల దించుకున్నాడు, ఎప్పుడూ దించుకున్నట్టే.

లైను చకచకా కదిలింది. ముందు ఒకాయన దిగుతూ, ఉంగరం లేత పసుపు రంగులో ఉందని ఫోనులో ఎవరికో చెబుతున్నాడు. చేపలావిడ చూసి, "ఆ" అని జరిగింది. మా ఆయన వంగాడు. ఎడమ కన్ను చేత్తో మూసుకుని కుడి కన్ను పెట్టాడు. అందరికన్నా ఎక్కువసేపు చూశాడు. అమ్మాయి అడిగింది. కనబడింది, ఉంగరం కూడా బాగా కనబడిందన్నాడు.

నేను కన్ను పెట్టాను. ఏమీ లేదు.

కన్ను జరిపాను, దూరం మార్చాను, రెప్ప ఆపాను. ఇప్పుడు నేను మొదటిసారి వచ్చినదాన్ని కాదు. నల్లటి ఆకాశం తప్ప అందులో ఏమీ లేదు. కనబడిందా అని అమ్మాయి అడిగింది. లేదన్నాను. సరిగ్గా చూడమంది. చూశాననీ, నువ్వే చూడమనీ అన్నాను. వెనకనుంచి ఎవరో, కనబడకపోతే దిగండి అన్నారు. నేను దిగలేదు. ఆ అమ్మాయి వంగి చూసి, లేచి, మళ్ళీ వంగింది. తర్వాత గోడ దగ్గరికి పరిగెత్తి స్విచ్చు నొక్కింది. స్విచ్చు పనిచెయ్యలేదు.

కరెంటు పోయింది. ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు, లైట్లన్నీ ముందే తీసేసి ఉన్నాయి కదా. ఆకాశంతో పాటు టెలిస్కోపుని మెల్లగా తిప్పే మోటారు ఒకటుంటుంది. అది ఆగిపోయింది. టెలిస్కోపు ఒకచోటే ఉండిపోయింది, శని జరిగిపోయింది. రెండు నిమిషాలు చాలట జరిగిపోవడానికి. ఫోను తీసి ఎవరినో అడిగిన అమ్మాయి, కరెంటు పోయి పావుగంట పైనే అయిందని చెప్పింది. ఆ పావుగంటలో పాతికమంది దాకా చూసి, కనబడిందని చెప్పి, దిగి వెళ్ళారు.

అప్పుడు అరిచాను. పసుపురంగు ఉంగరం చూసినాయన ఎక్కడని అడిగాను. ఏమీ లేనిచోట ఏం చూశారని, చూసి దిగి ఇంకా కిందే ఉన్నవాళ్ళని ఒక్కొక్కరినీ అడిగాను. లేదని ఒక్కరన్నా అనుంటే మిగతా అందరూ చూసేవాళ్ళు కదా, నోట్లో ఏం పెట్టుకున్నారని అడిగాను. ఇంకా వంతే రాని ఆఫీసరు గారి భార్య కూడా అటు తిరిగి నిలబడింది. చేపలావిడ మాత్రం తప్పించుకోలేదు.

"నాకూ ఏటీ కనబడ్నేదమ్మా," అంది. "ముందోలందరూ కనబడిందన్నారు. నా కళ్ళే పోనాయనుకున్నాను."

ఆ మాటకి నాకు కోపం కాస్త దిగింది. పక్కకి చూస్తే మా ఆయన లేడు.

బయట పిట్టగోడ దగ్గర ఉన్నాడు. అక్కడినుంచి దూరంగా, కొండ పక్కన హార్బరు దీపాలు కనబడతాయి. అటే చూస్తున్నాడు. నాకు మిగిలిన కోపమంతా ఆయన మీద తీర్చుకుందామనే వెళ్ళాను. ఊళ్ళోవాళ్ళంటే సిగ్గుపడి అబద్ధం చెప్పారు, మీకేమొచ్చింది, ఉంగరం కూడా కనబడిందని వివరంగా చెప్పడమేమిటని అడిగాను.

"మోటారు ఆగిపోనాదని నాకు తెలుసు," అన్నాడు. "ఆ సౌండు ఆగినప్పుడే తెలిసింది. అయినా నా కన్నే అనుకున్నాను."

నాకు అర్థం కాలేదు. క్రేను గదిలో కూర్చుని, కింద ఏ చక్రానికి గ్రీజు తగ్గిందో చెవితో చెప్పే మనిషి. మోటారు ఆగిందని తెలిసి, మిషను మీద అనుమానపడకుండా కంటి మీద అనుమానపడ్డమేమిటి?

అప్పుడు చెప్పాడు. కుడి కన్ను ఏడాదిగా సరిగ్గా లేదు. ముందు పక్కనుంచి మసక వచ్చింది, తర్వాత మధ్యకి వచ్చింది. ఇప్పుడు వెలుతురో చీకటో తెలుస్తుంది, అంతే. ఏటా కంపెనీలో కళ్ళ పరీక్ష ఉంటుంది. గోడకి తగిలించిన అక్షరాల బోర్డు ఎన్నేళ్ళుగానో అదే. అందులో వరసలన్నీ కాగితం మీద రాసుకుని, ఒకరి దగ్గరనుంచి ఒకరు తీసుకుని, బట్టీ పట్టి అప్పజెబుతారు. ఈయనొక్కడే కాదు. నేను కిటికీలో పెట్టిన కాగితం అదే.

మరి కంటైనర్ ఎలా దించుతున్నారని అడిగాను. ఎంత లోతులో ఉందో ఒక కంటికి తెలియదు. అది నాకు సూది నేర్పింది, ఒక కన్ను మూసుకుని దారం ఎక్కించి చూడండి. కింద నిలబడి సైగలు చేసే మనిషి చెబుతాడట, ఈయన దించుతాడట. ఆ సైగలు చేసే మనిషి మాకు పరాయివాడు కాదు. పద్దెనిమిదేళ్ళుగా ఈయన్ని బావా అని పిలిచే మనిషి, పండక్కి మా ఇంట్లో తినే మనిషి. అతనికి కన్ను సంగతి తెలుసట. తెలిసే ఆ క్రేను హుక్కు కింద రోజూ నిలబడుతున్నాడట. ఇద్దరూ ఒకరినొకరు కాపాడుకుంటున్నామనుకున్నారు.

మరైతే ఇవాళ ఇక్కడికెందుకొచ్చారని అడిగాను.

"ఇంత పెద్ద అద్దంలోంచి సూత్తే ఈ కంటికి కనబడతాదేమో అనుకున్నాను," అన్నాడు.

ఆ మాట విని జాలిపడే భార్యలుంటారు. నాకు జాలి తర్వాత వచ్చింది, ఇంటికెళ్ళి అన్నం వడ్డిస్తుంటే వచ్చింది. ముందు మాత్రం కోపమే వచ్చింది. ఆయన మీద, ఎన్నేళ్ళయినా బోర్డు మార్చని కంపెనీ మీద, చూశారో లేదో పట్టించుకోకుండా అవుననిపించుకుని పంపించేసేవాళ్ళ మీద. నా మీద కూడా. కళ్ళు కనబడ్డం లేదా అని ఏడాది పాటు అడిగాను, ఒక్కసారి కూడా జవాబు కోసం ఆగలేదు.

బస్సులో ఒకటే మాటన్నాను. "సోమవారం మీరు ఆ క్రేనెక్కితే, హుక్కు కింద నేనొచ్చి నిలబడతాను."

పాసు లేనిదే నన్ను గేటు కూడా దాటనివ్వరని ఇద్దరికీ తెలుసు. అయినా ఆయన నా మొహం చూసి కిటికీ వైపు తిరిగాడు. క్రేను పోతే తనకి ఇంకే పనీ రాదని, పైన ఆ గాజు గదిలో కూర్చుంటేనే తను మనిషినని ఆదివారం సాయంత్రం గోడతో చెప్పినట్టు చెప్పాడు. నేను మిషను తొక్కుతూనే విన్నాను. సోమవారం పొద్దున బట్టలేసుకుని బయల్దేరుతుంటే, ఎక్కడికని అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు. నా వెనకాల నన్ను నోరున్న మనిషంటారు.

కంపెనీ మెడికల్ రూముకి వెళ్ళాడు. అక్కడి మనిషి ఈయన్ని చూసి, పరీక్ష ఇంకా వచ్చే నెల్లో కదన్నా, అప్పుడే వచ్చావేమని ఫారం తీశాడట. బోర్డు వైపు చూడమనకుండానే, కిందటేడులాగే కదా అని రాయబోయాడట. ఈయన ఎడమ కన్ను మూసుకుని, తనకి బోర్డు ఎక్కడుందో కూడా తెలియడం లేదని చెప్పాడు. మొదటి వరస అప్పజెప్పబోయి నాలిక కరుచుకున్నానని నాకు తర్వాత చెప్పాడు. అలవాటు అలా ఉంటుంది.

కళ్ళాసుపత్రిలో డాక్టరమ్మ నీటికాసులంది. కంటిలో ఒత్తిడి పెరిగి నరం ఎండిపోవడమట. కుడి కంటిది ఇక రాదు. ఎడమ కంట్లో కూడా మొదలైంది, చుక్కల మందు రెండుపూటలా వేస్తే ఉన్న చూపు నిలుస్తుందంది. ఏడాది ముందొస్తే రెండు కళ్ళకీ ఇదే మందు సరిపోయేదంది. ఆవిడ మెల్లగానే చెప్పింది. ఆ మెల్లదనం మీద కూడా నాకు కోపం వచ్చింది.

ఆయన్ని క్రేను దించి గేటు దగ్గర కూర్చోబెట్టారు, లోపలికొచ్చే కంటైనర్ల నంబర్లు సరిచూసే పని. కంపెనీ బోర్డు మార్చింది. కొత్త బోర్డు ముందు ఇంకో ముగ్గురు దొరికిపోయారు. అందులో బావా అని పిలిచే మనిషి కూడా ఉన్నాడు. అతనికి దూరం చూపు ఎప్పుడో తగ్గిందట. అంటే ఏడాదిగా, ఒక కన్ను లేనాయన పైనుంచి దించుతుంటే, దూరం ఆననాయన కిందనుంచి దారి చూపించాడు. ఇది విన్న రోజు నేను కుట్టే బ్లౌజు చెయ్యి తిరగేసి కుట్టాను.

అతను ఒక సాయంత్రం మా ఇంటికొచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మంలో చెప్పులతోనే నిలబడ్డాడు.

"నీ ఒక్క కన్ను పోతే అందర్నీ గుడ్డోల్ని సేసీసావు బావ," అన్నాడు.

నేను వంటింట్లోంచి వచ్చి, ఆ కంటైనర్ జారితే పగిలేది నీ తలకాయే అన్నాను. నాకా సంగతి తెలుసు వదినా అని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. పండక్కి రాలేదు. అతని మీద నాకు ఇప్పటికీ కోపమే, కాకపోతే ఏ పప్పు వండినా అతనికి ఇష్టమన్న మాట ముందు గుర్తొస్తుంది.

మూడు నెలలు టెలిస్కోపు దగ్గరికి వెళ్ళలేదు. తర్వాత ఫిబ్రవరిలో మా ఆయనే, ఈ శనివారం ఏం చూపిస్తారని అడిగాడు. గురుగ్రహమని పేపర్లో చూసి చెప్పాను. వెళ్దామన్నాడు.

అదే అమ్మాయి ఉంది. నన్ను దూరంనుంచే గుర్తుపట్టినట్టుంది, కాస్త బెదిరింది. లైను మాత్రం అస్సలు కదలడం లేదు. ఏమిటా అని చూస్తే, ఇప్పుడు ఆ అమ్మాయి కనబడిందా అని అడగడం లేదు. ఏం కనబడుతోందో చెప్పండి అని అడుగుతోంది. జనం వంగి, తడుముకుని, మళ్ళీ చూసి చెబుతున్నారు. కొందరు లేదంటున్నారు, అప్పుడు తను చూసి సరిచేసి మళ్ళీ చూపిస్తోంది. వెనకాల గొణుగుళ్ళు. ఇలాగైతే తెల్లారుతుందని ఒకాయన అంటే, తెల్లారితే తెల్లారనివ్వండి, నిజం చూసి వెళ్దురుగాని అన్నాను. గొడవ పెట్టుకోవాలని నాకు ఆ రోజు చాలా ఉంది.

మా ఆయన వంతు వచ్చింది. ఆయన ఎడమ చేత్తో ఎడమ కన్ను మూసుకున్నాడు. కుడి కన్నే పెట్టాడు.

ఏం కనబడుతోందో చెప్పండి అంకుల్ అందా అమ్మాయి.

"ఏటీ నేదమ్మా," అన్నాడు.

ఆ అమ్మాయి కంగారుపడి, జరగండి అని తను చూసింది. గోడవైపు చూసింది, మోటారు తిరుగుతోంది. మళ్ళీ చూసింది. ఉందండీ, మధ్యలోనే ఉంది అంది.

"ఉంటాదమ్మా. దాందేటీ తప్పు నేదు," అన్నాడు. "నా కన్నే నేదు."

పెద్ద గొంతేమీ కాదు. కానీ ఆ గుండ్రటి గదిలో ఎవరేమన్నా అందరికీ వినబడుతుంది, మెట్ల మీదికి కూడా. తర్వాత చెయ్యి మార్చి ఎడమ కన్ను పెట్టాడు. చాలాసేపు చూశాడు. పెద్ద చుక్క, దాని మీద రెండు గీతలు, పక్కన చిన్న చుక్కలు వరసగా ఉన్నాయన్నాడు. ఒకటి, రెండు అని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మూడు దగ్గర ఆగి, ఇంకోటి ఉందో లేదో తేలక మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు.

అంతసేపు ఇంకెవరూ చూడలేదు. ఇప్పుడు వెనకనుంచి ఎవడో ఒకడు త్వరగా కానివ్వమంటాడని నాకు తెలుసు. అన్నవాడి సంగతి తేల్చడానికి చీర కొంగు దోపుకుని, నోటిదాకా వచ్చిన మాటతో లైను వైపు తిరిగాను.

ఎవరూ ఏమీ అనడం లేదు. మెట్ల మీద అందరూ అలాగే నిలబడి ఉన్నారు. మా ఆయన లెక్క పూర్తయ్యేదాకా అలాగే ఉన్నారు. ఆ మాట ఎవరిని అనాలో తెలియక నేనూ నిలబడ్డాను.